మూడో రోజు వచ్చే మతిభ్రమ: తాగుడు ఆగిన ఒంటికి వైద్యం

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్ పనికి మదనపల్లె, కదిరి, హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో ఒకతను పరంజా మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడనుకుందాం. ఆదివారం ఆస్పత్రిలో చేర్చారు. బుధవారం ఆపరేషన్ అన్నారు. సోమవారం చేతులు వణికాయి, చెమటలు పోశాయి, నిద్ర పట్టలేదు. నొప్పి వల్లే అనుకున్నారు. మంగళవారం రాత్రి దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకోవడం మొదలుపెట్టాడు. మేస్త్రీ పిలుస్తున్నాడంటూ సెలైన్ సూది పీకేసి, విరిగిన కాలితోనే మంచం దిగబోయాడు. భార్యను గుర్తుపట్టలేదు. ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ గాలి సోకిందంది. పక్క మంచం వాళ్లు తలకు దెబ్బ తగిలిందేమో అన్నారు.

జరిగింది మరొకటి. ఆదివారం నుంచి అతని ఒంట్లో చుక్క మందు పడలేదు. చేర్చేటప్పుడు డాక్టరు "తాగుతాడా?" అని అడిగే ఉంటారు. తాగి పడ్డాడంటే పరిహారం రాదనో, కేసవుతుందనో, పదిమందిలో పరువు పోతుందనో ఇంట్లోవాళ్లు "ఎప్పుడైనా ఒకసారి" అని చెప్పి ఉంటారు.

ఎముకల వార్డుల్లో, సర్జరీ వార్డుల్లో డాక్టర్లకు, నర్సులకు బాగా తెలిసిన దృశ్యమే ఇది. పేరు డెలీరియం ట్రెమెన్స్. వార్డులో డీటీ అంటారు. తాగుడు వల్ల లివర్ పాడవుతుందని, సంసారం వీధిన పడుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. రోజూ తాగే ఒంటికి ఉన్నట్టుండి మందు ఆగిపోతే ప్రాణం పోవచ్చని మాత్రం చాలా తక్కువమందికి తెలుసు. "మగాడివైతే రేపటి నుంచి ముట్టకు" అనే మాట అందుకే ప్రమాదకరం. ఆ మాట విని నిజంగానే ఆపేసినవాళ్లు రెండో రోజో మూడో రోజో ఫిట్స్‌తో ఎమర్జెన్సీకి చేరుతున్నారు.

కారణం మెదడులో ఉంది. ఒక తలుపును బయటి నుంచి ఒకడు రోజూ తోస్తున్నాడనుకోండి. తెరుచుకోకుండా లోపల ఉన్నవాడు ఎదురు తోస్తాడు. నెలలు గడిచేకొద్దీ లోపలివాడు బలం పెంచుకుంటాడు, ఇద్దరి బలం సరిపోయి తలుపు నిలబడుతుంది. ఒక రోజు బయటివాడు ఉన్నపాటున తప్పుకుంటే, లోపలివాడు తన బలానికి తానే తలుపుతో సహా బయటపడతాడు. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని ఆల్కహాల్ పెంచుతుంది, ఉత్తేజపరిచే గ్లూటమేట్ పనిని తగ్గిస్తుంది. రోజూ ఇదే జరుగుతుంటే మెదడు ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది. గాబాకు స్పందించడం తగ్గించుకుని, గ్లూటమేట్‌ను అందుకునే రిసెప్టర్లను పెంచుకుంటుంది. అందుకే అలవాటు పడ్డవాడు రెండు క్వార్టర్లు వేసినా నిలబడి మాట్లాడగలడు. మందు ఆగిన రోజు ఆ సర్దుబాటు మొత్తం మిగిలిపోతుంది, అదుపు చేసేది ఏదీ ఉండదు. వణుకు, గుండె దడ, బీపీ పెరగడం, చెమట, ఫిట్స్ అన్నీ అక్కడి నుంచి వచ్చేవే. ఇందులో మనోబలం ప్రస్తావన ఎక్కడా లేదు.

ఇది ఆగడం వల్లే వస్తుందని తేల్చడానికి చాలా కాలం పట్టింది. తాగేవాళ్లు సరిగా తినరు కాబట్టి పోషకాహార లోపమే కారణమని ఒక వాదన ఉండేది. 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్బెల్ బృందం పదిమంది ఖైదీలకు మంచి తిండి, విటమిన్లు ఇస్తూ రోజూ పెద్ద మోతాదులో ఆల్కహాల్ తాగించి, తర్వాత ఒక్కసారిగా ఆపేసింది. 48 నుంచి 87 రోజులు తాగినవాళ్లలో ఫిట్స్, మతిభ్రమ కనిపించాయి. తిండి బాగానే ఉంది, ఆగింది మందు ఒక్కటే. ఖైదీల మీద అలాంటి ప్రయోగం ఈ రోజు ఏ నైతిక కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కానీ ఇప్పటి వైద్యం నిలబడింది ఆ నిర్ధారణ మీదే.

గడియారం ఇలా నడుస్తుంది. చివరి పెగ్గు తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చిరాకు, వికారం మొదలవుతాయి. పొద్దున్నే ఒక నైంటీ పడితే గానీ చెయ్యి నిలవదనే వాళ్లు రోజూ చూస్తున్నది దీని మొదటి మెట్టునే. ఫిట్స్ వస్తే ఎక్కువగా ఆరు నుంచి నలభై ఎనిమిది గంటల మధ్య వస్తాయి. కొందరికి స్పృహ బాగానే ఉండి, లేని మాటలు వినిపిస్తాయి. డీటీ సాధారణంగా రెండో రోజు దాటాక, 48 నుంచి 96 గంటల మధ్య మొదలవుతుంది. చాలామందికి వ్యవహారం వణుకు, నిద్రలేమితోనే నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. డీటీ వరకు వెళ్లేది నూటికి సుమారు అయిదుగురే. ఆ అయిదుగురికీ వైద్యం అందకపోతే మరణాల శాతం రెండంకెల్లో ఉంటుంది. సరైన వైద్యంతో అది ఒకటి నుంచి అయిదు శాతానికి దిగుతుంది. ఎవరు ఆ అయిదుగురిలో ఉంటారో కొంత ముందే ఊహించవచ్చు. ఇంతకు ముందు ఆపినప్పుడు ఫిట్స్ గానీ మతిభ్రమ గానీ వచ్చినవాళ్లు, జ్వరమో దెబ్బో ఉన్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు. మానడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ మానడం జరిగేకొద్దీ ప్రతి సారీ లక్షణాలు ముదిరే అవకాశం ఉంది. "పోయిన సంక్రాంతికి మానినప్పుడు ఏమీ కాలేదు" అన్నది భరోసా కాదు.

వార్డులో ఇచ్చే ప్రధాన మందు బెంజోడయజెపైన్ల కుటుంబానికి చెందినది. ఎక్కువగా వాడేది 1960లో వాడకంలోకి వచ్చిన క్లోర్‌డయజెపాక్సైడ్. లేదంటే డయజెపామ్. ఇవి కూడా ఆల్కహాల్ లాగే గాబా వైపు పనిచేస్తాయి. తలుపు ఉదాహరణలో చెప్పాలంటే, బయటివాడి స్థానంలో డాక్టరు తన మనిషిని నిలబెట్టి, రోజుకు కాస్త చొప్పున వెనక్కి రమ్మంటారు. అయిదారు రోజుల్లో మోతాదు సున్నాకు వస్తుంది. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ మందులు ఒంట్లో పేరుకుపోతాయి కాబట్టి లోరజెపామ్ వైపు మొగ్గుతారు. 1969లో అమెరికన్ మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 537 మందిపై జరిగిన పోలికలో క్లోర్‌డయజెపాక్సైడ్ తీసుకున్నవాళ్లలో ఫిట్స్, డీటీ బాగా తగ్గాయి. పిచ్చికి ఇచ్చే క్లోర్‌ప్రొమజీన్ తీసుకున్నవాళ్లలో ఫిట్స్ ఎక్కువయ్యాయి. కేకలు వేస్తున్నాడని మానసిక రోగానికి ఇచ్చే ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చి పడుకోబెట్టడం ఎందుకు సరిపోదో ఆ ఫలితమే చెబుతుంది.

మోతాదును కంటి అంచనాకు వదలరు. సివా అనే కొలబద్ద ఉంది. వికారం, వణుకు, చెమట, ఆందోళన, తలనొప్పి, లేనివి కనిపించడం లాంటి పది అంశాలకు నర్సు మార్కులు వేస్తుంది. మొత్తం 67. ఎనిమిదో పదో దాటకపోతే మాత్రలు అవసరం రాకపోవచ్చు, ఇరవై దాటితే డాక్టరు మంచం దగ్గరే ఉండాల్సిన పరిస్థితి. అయితే ఈ కొలతకు రోగి జవాబు చెప్పగలగాలి. "చర్మం మీద ఏమైనా పాకినట్టుందా?" అన్న ప్రశ్న అర్థం కాని భాషలో అడిగితే మార్కు తప్పుతుంది. బెంగళూరు ఆస్పత్రుల్లో తెలుగు తెలిసిన నర్సులు, డాక్టర్లు దొరకడం కష్టం కాదు. రోగి తరఫువాళ్లు మొహమాటపడకుండా తెలుగులో అడగమని కోరాలి.

ఇవే మాత్రలు మెడికల్ షాపులో కొనుక్కుని ఇంట్లో వాడటం మాత్రం వేరే కథ. మందు కొడుతూనే వీటిని మింగితే రెండూ కలిసి ఊపిరిని ఆపేయగలవు. పైగా వీటికీ అలవాటు పడతారు.

ఇక తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తెలియాల్సిన సంగతి, గ్లూకోజ్ బాటిల్. నీరసంగా ఉంటే గ్లూకోజ్ ఎక్కించమనడం మనకు అలవాటు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరా, బెంగళూరులో సందు చివరి క్లినిక్‌లోనూ అదే అడుగుతారు. ఏళ్ల తరబడి తాగినవాడికి మొదట అందాల్సింది థయమిన్, అంటే బీ1 విటమిన్. ఒంట్లో దాని నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే, రెండు మూడు వారాలకు మించి రాదు. తాగేవాడు అన్నం సరిగా తినడు. తిన్నా అది బాగా పాలిష్ పట్టిన బియ్యం, బీ1 ఉన్న పొర మిల్లులోనే పోయింది. తిన్న కాస్తను పేగు పీల్చుకోకుండా ఆల్కహాల్ అడ్డుపడుతుంది. గ్లూకోజ్‌ను మెదడు వాడుకోవాలంటే థయమిన్ కావాలి. అది లేనివాడికి గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయి, వెర్నికీ ఎన్‌సెఫలోపతి అనే మెదడు జబ్బు బయటపడవచ్చు. కార్ల్ వెర్నికీ 1881లోనే వర్ణించిన జబ్బు ఇది. తికమక, కళ్ల కదలిక దెబ్బతినడం, నడకలో తూలడం దీని గుర్తులు. మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే, అందుకే "ఇంకా మత్తు దిగలేదు" అని వదిలేస్తారు. సమయానికి పట్టుకోకపోతే కొర్సకాఫ్ దశకు చేరి, పొద్దున ఏం తిన్నాడో మధ్యాహ్నానికి గుర్తుండని మనిషిగా మిగిలిపోవచ్చు. నలభై ఏళ్ల మేస్త్రీకి ఆ గతి పట్టడం, చవకైన విటమిన్ ఇంజెక్షన్ ఒకటి మరిచిపోవడం వల్ల జరిగితే, అంతకంటే బాధాకరమైనది వైద్యంలో తక్కువ. పేగు సరిగా పీల్చుకోదు కాబట్టి మొదట్లో మాత్రలు చాలవు, ఇంజెక్షనే ఇవ్వాలి. షుగర్ పడిపోయి ఉంటే గ్లూకోజ్‌ను ఆలస్యం చేయడమూ తప్పే. అప్పుడు రెండూ కలిపి ఇస్తారు.

మత్తు ఎక్కి పడిపోయినవాడి సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ విరుగుడు మందు లేదు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, తల మీద చన్నీళ్లు ఏవీ ఆల్కహాల్‌ను తొందరగా బయటికి పంపవు. లివర్ గంటకు సగటున ఏడు నుంచి పది గ్రాములే కరిగిస్తుంది. 42.8 శాతం ఉన్న 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. అంటే రాత్రి పదకొండుకు రెండు క్వార్టర్లు ముగించినవాడి రక్తంలో మర్నాడు ఆఫీసు టైముకీ మందు మిగిలి ఉండవచ్చు. బండి నడపడానికి చట్టం ఇచ్చిన హద్దు వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. పిలిస్తే పలకనివాణ్ని వెల్లకిలా పడుకోబెట్టకూడదు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి, 108కి ఫోన్ చేయాలి. గొంతులో వేలు పెట్టి కక్కించకూడదు. ఆస్పత్రిలో చూసేది ఊపిరి, షుగర్, తలకు దెబ్బ. "తాగి పడున్నాడులే, తెల్లారితే లేస్తాడు" అనుకున్నవాళ్లలో కొందరు పుర్రె లోపల రక్తం గడ్డకట్టినవాళ్లు ఉంటారు.

కల్తీ సారా అయితే ప్రమాదం ఇంకో రకం. 1981లో బెంగళూరులోనే కల్తీ సారాకు 300 మందికి పైగా చనిపోయారు. కర్ణాటక 2007లో సారాను నిషేధించాక, 2008లో బెంగళూరు, కోలారు, కృష్ణగిరి ప్రాంతాల్లో మళ్లీ 150 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కల్తీ సారాలో ఉండే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఒంట్లో ఫార్మిక్ యాసిడ్‌గా మారి కంటి నరాన్ని తింటుంది. మొదట మామూలు మత్తే. సగం రోజు నుంచి ఒక రోజు గడిచాక చూపు మంచు పట్టినట్టవుతుంది, ఆయాసం వస్తుంది. ఆ మార్పును ఆపే ఫోమెపిజోల్ గానీ, అది లేకపోతే డాక్టర్ల పర్యవేక్షణలో ఇథనాల్ (మామూలు మద్యంలో ఉండే ఆల్కహాల్) గానీ ఇచ్చి, డయాలసిస్ చేస్తారు. చూపు మసకబారిందన్న మాట వినగానే పరుగెత్తాలి.

మళ్లీ మానడం దగ్గరికి వద్దాం. ఒకేసారి లక్షల మందికి మందు ఆగిపోతే ఏమవుతుందో 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ చూపించింది. కర్ణాటకలో షాపులు మళ్లీ తెరిచింది మే 4న. ఆ మధ్య రోజుల్లో బెంగళూరు ఆస్పత్రులకు ఫిట్స్, మతిభ్రమతో వచ్చేవాళ్లు పెరిగారని ఇక్కడి డాక్టర్లు నమోదు చేశారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందూ జనం బారులు తీరారు. కేరళ ప్రభుత్వం డాక్టరు చీటీ ఉంటే మద్యం ఇస్తామని ఉత్తర్వు ఇవ్వగా, హైకోర్టు నిలిపేసింది. డాక్టర్ల సంఘాల అభ్యంతరం సరైనదే. దీనికి వైద్యం ఉంది, అది మద్యం కాదు. కానీ ఆ వైద్యం తాలూకాలో దొరకాలి కదా? షాపు మూయడం గురించి దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం నాటి నుంచి ఎంతో మాట్లాడుకున్నాం. షాపు మూసిన మర్నాడు వణికే చేతులకు ఎక్కడ వైద్యం దొరుకుతుందన్నది మన మద్యనిషేధ చర్చల్లో దాదాపు రాలేదు.

అయ్యప్ప మాల విషయంలోనూ ఇదే మాట చెప్పాలి. 41 రోజుల దీక్ష ఎంతోమంది చేత మందు మాన్పించింది, అందులో సందేహం లేదు. తోటి స్వాములు, పద్ధతిగా గడిచే రోజు, ఇంట్లో దక్కే గౌరవం, ఇవన్నీ మానడానికి కావలసినవే. అయితే పొద్దున్నే పడితే గానీ చెయ్యి నిలవనివాడు మాల వేసుకోవడానికి వారం ముందు డాక్టర్ని కలిసి, మందుల సాయంతో ఆపి, తర్వాత మాల వేసుకోవడం మేలు. దీక్ష మూడో రోజున ఫిట్స్ వస్తే అది అపచారం వల్ల కాదు.

వారం రోజుల వార్డు వైద్యంతో ఒళ్లు మందు లేకుండా బతకడం నేర్చుకుంటుంది, అంతే. అసలు జబ్బుకు వైద్యం ఆ తర్వాత మొదలవుతుంది. ఎక్కువ కుటుంబాలు నిరాశపడేదీ ఇక్కడే. అప్పు చేసి, సెలవు పెట్టి, ఆస్పత్రిలో ఉంచి తెస్తే నెల తిరక్కుండా మళ్లీ తాగొచ్చాడంటారు. డిశ్చార్జి కాగితంలో రాసిన మాత్రలు నెలలు వాడాలని, ఓపీకి తిరగాలని వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు.

ఆ మాత్రల్లో నాల్‌ట్రెక్సోన్ తాగినప్పుడు వచ్చే హాయిని మందగింపజేస్తుంది. ఒక పెగ్గు దగ్గర ఆగలేనివాళ్లకు ఇది పనికొస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు వాడేవాళ్లకు ఇవ్వకూడదు, కాబట్టి కాలు విరిగిన మన మనిషికి కొన్నాళ్లు ఆగాలి. అకాంప్రొసేట్ రోజుకు మూడు పూటలు వేసుకోవాలి, కిడ్నీలు బాగుండాలి, మానేసినవాడు మానేసే ఉండటానికి తోడ్పడుతుంది. 2014లో అనేక పరీక్షలను కలిపి చూసిన సమీక్ష ప్రకారం, పన్నెండు మందికి అకాంప్రొసేట్ ఇస్తే, ఇవ్వకపోతే మళ్లీ తాగి ఉండేవాళ్లలో అదనంగా ఒకరు ఆగుతారు. చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ, వైద్యంలో రోజూ వాడే ఎన్నో మందుల బలం ఇంతే. లివర్ గట్టిపడినవాళ్లకు బాక్లోఫెన్ ఇస్తారు.

డైసల్ఫిరామ్ గురించి విడిగా చెప్పుకోవాలి. 1940ల చివర్లో డెన్మార్క్‌లో బయటపడిన మందు ఇది. ఆల్కహాల్ కరిగేటప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం విరిగిపోకుండా అడ్డుకుని, ఒంట్లోనే పేరుకునేలా చేస్తుంది. వేసుకున్నవాడు తాగితే ముఖం కందిపోతుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది, వాంతులవుతాయి. అది తెలిసి, ఒప్పుకుని, భార్యో తల్లో చూస్తుండగా రోజూ వేసుకునేవాళ్లకు ఇది నిజంగా మేలు చేస్తుంది. కానీ "మనిషికి తెలియకుండా సాంబారులో కలిపితే చాలు" అంటూ గోడల మీద, ఫోన్లలో కనిపించే ప్రకటనల పొడుల్లో ఏముందో అమ్మేవాడికే తెలియాలి. ఇదే మందు కలిపి ఉంటే, తెలియక తాగినవాడికి ప్రాణాపాయం, గుండె జబ్బు ఉన్నవాడికి మరీను. మాత్ర ఆపిన రెండు వారాల వరకు దాని ప్రభావం ఉంటుంది. విసిగిపోయి ఆ పొడి కొన్న ఇల్లాలిని తప్పుపట్టలేం. ఆమెకు మరో దారి చూపించకపోవడం మన తప్పు.

దారి ఎంత ఇరుకో లెక్కలు చెబుతాయి. 2019లో ఎయిమ్స్ వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 2.9 కోట్ల మంది ఆల్కహాల్‌కు బానిసలయ్యారు. వాళ్లలో ఏదో ఒక వైద్యం అందింది 38 మందిలో ఒకరికి. ఆస్పత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒకరు. ఈ ఖాళీలోకే తాళాలు వేసి, కొట్టి "మాన్పించే" కేంద్రాలు చొరబడ్డాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలనూ తన పరిధిలోకి తెచ్చింది. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని 95వ సెక్షన్ చెబుతుంది. మనిషిని అప్పగించే ముందు ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందా, రాత్రి పూట డాక్టరు ఉంటారా, మనం వెళ్లి చూడొచ్చా అని అడగాలి. మూడో ప్రశ్నకు "నెల వరకు కుదరదు" అంటే వెనక్కి రావడమే మంచిది.

బెంగళూరులో ఉన్నవాళ్లకు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అందుబాటులో ఉండటం పెద్ద అండ. అక్కడ సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఇదే పని మీద ఉంది. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి ఉదయం ఓపీ దగ్గర నిలబడే కుటుంబాలకు ఆ పేరు కొత్త కాదు. ఫోన్‌లో ముందు మాట్లాడాలంటే 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. వ్యసనాల కోసం ప్రత్యేకంగా 14446 ఉంది.

ఇక ఆ ఎముకల వార్డు దగ్గరికి. చేర్చేటప్పుడు డాక్టరుకు చెప్పాల్సినవి చాలా తక్కువ. రోజుకు ఎన్ని క్వార్టర్లు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు పడింది, ఇంతకు ముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా. భార్య నోట ఈ నాలుగు మాటలు ఆదివారం రాత్రే వస్తే, కేస్ షీట్‌లో క్లోర్‌డయజెపాక్సైడ్, థయమిన్ అప్పుడే చేరతాయి. మంగళవారం రాత్రి దుప్పటి మీద చీమలు కనపడకపోవచ్చు, బుధవారం ఆపరేషన్ అనుకున్న టైముకే జరగవచ్చు.